ఇంటర్వ్యూలో ఎదురైన ప్రశ్న, చేజారిన ఉద్యోగం: వివక్ష జరిగిందో లేదో తెలుసుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రెండేళ్ల విరామం తర్వాత మళ్లీ ఉద్యోగ ప్రయత్నాలు మొదలుపెట్టారు. మూడు చోట్ల చివరి రౌండు దాకా వెళ్లారు గాని ఎక్కడా ఉద్యోగం రాలేదు. మూడో చోట ప్యానెల్ సభ్యుల్లో ఒకరు "పిల్లలు చిన్నవాళ్లు కదా, మీరు ఆఫీసులో ఉంటే వాళ్లను ఎవరు చూసుకుంటారు?" అని అడిగారు. పది రోజుల తర్వాత "మా టీముకు మీరు సరిపోరని భావిస్తున్నాం" అని మెయిలు వచ్చింది. ఇది వివక్షేనా, లేక లోపం మీలోనే ఉందా, ఆ సంగతి తెలుసుకునే మార్గం ఏమిటి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఆ ప్రశ్నను మిమ్మల్ని మాత్రమే అడిగి, అదే ఉద్యోగానికి వచ్చిన మగ అభ్యర్థులను అడగకపోయి ఉంటే, అలా అడగడమే వివక్ష. ఆ విషయంలో మీ తప్పేమీ లేదు. అయితే ఉద్యోగం రాకపోవడానికి కారణం అదేనా అన్నది ఆ ఒక్క ప్రశ్నను బట్టి తేల్చలేం. మొదటి రెండు చోట్ల సంగతి చెప్పడానికైతే మీరు ఇచ్చిన వివరాల్లో ఆధారమేమీ లేదు. వివక్ష ఒక్క అభ్యర్థిని చూస్తే కనబడేది కాదు. ఇద్దరు అభ్యర్థులను, వారికి వేసిన ప్రశ్నలను, వారిని కొలిచిన కొలమానాన్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అది బయటపడుతుంది. మీకు అందుబాటులో ఉన్నంత మేరకు ఆ పోలిక ఎలా చేసుకోవచ్చో కింద వివరంగా రాస్తున్నాను.

నేను ఇరవై రెండేళ్లుగా నియామకాల పనిలో ఉన్నాను. మొదట్లో చాలాకాలం ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్నాను. తర్వాత, ఎంపిక కాని అభ్యర్థుల నుంచి వచ్చే ఫిర్యాదులను పరిశీలించే పని చేస్తూ వచ్చాను. కాబట్టి బల్లకు అవతలి వైపున ఏం జరుగుతుందో నాకు కొంత తెలుసు.

ముందుగా మూడు వైఫల్యాల గురించి ఒక చిన్న లెక్క, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఎక్కువ బాధ ఆ మాటల్లోనే కనిపించింది. చివరి రౌండులో సమాన అర్హత గల ముగ్గురు ఉన్నారనుకుందాం. ఒక్కో చోట ఉద్యోగం రాకపోయే అవకాశం మూడింట రెండు వంతులు. అలాంటి మూడు చోట్లా రాకపోయే అవకాశం 27లో 8, అంటే దాదాపు 30 శాతం. చివరి రౌండులో నలుగురు ఉంటే అది 42 శాతానికి చేరుతుంది. ఏ లోపమూ లేని అభ్యర్థికి, ఏ వివక్షా జరగకపోయినా, మూడుసార్లు వరసగా ఇలా జరగడం అరుదు కాదు. పైగా రెండేళ్ల విరామం కనిపిస్తున్న రెజ్యూమెతో మూడు చోట్ల చివరి దాకా వెళ్లారంటే, మీ పనితనాన్ని చాలామంది గుర్తించారనే అర్థం.

ఇక అసలు విషయం. వివక్ష అంటే ఏమిటో అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో చేసిన 111వ ఒడంబడిక చెప్పింది. జాతి, రంగు, లింగం, మతం, రాజకీయ అభిప్రాయం, జాతీయ మూలం, సామాజిక మూలం, వీటిలో దేని ఆధారంగానైనా తేడా చూపించి, వెలి పెట్టి, లేదా ఒకరికి ప్రాధాన్యం ఇచ్చి, ఆ ఫలితంగా ఉద్యోగంలో సమాన అవకాశం దెబ్బతింటే అది వివక్ష. ఈ నిర్వచనంలో నాకు ముఖ్యమనిపించేది "ఫలితంగా" అన్న మాట. మనసులో ద్వేషం ఉందా లేదా అన్నది అక్కడ గీటురాయి కాదు. వయసు, వైకల్యం, తల్లి కావడం వంటి కారణాలను చాలా దేశాలు తమ చట్టాల్లో చేర్చుకున్నాయి. ఏవేవి చేర్చాయన్నది దేశాన్ని బట్టి మారుతుంది.

మీకు ఎదురైన ప్రశ్నకు దగ్గరగా ఉన్న కేసు ఒకటి చెబుతాను. అమెరికాలో ఐడా ఫిలిప్స్ అనే ఆమె మార్టిన్ మారియెట్టా అనే సంస్థలో ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నారు. బడి వయసు రాని పిల్లలున్న ఆడవారి దరఖాస్తులు తీసుకోవడం లేదని ఆమెను వెనక్కి పంపేశారు. అదే వయసు పిల్లలున్న మగవారిని మాత్రం ఆ సంస్థ తీసుకుంటోంది. ఆ ఉద్యోగాల్లో చేరినవారిలో నూటికి 75 నుంచి 80 మంది ఆడవారేననీ, కాబట్టి ఆడవారిపై వివక్ష అన్న మాటే రాదనీ సంస్థ వాదించింది. కింది కోర్టులు ఆ వాదనను ఒప్పుకున్నాయి. సుప్రీంకోర్టు 1971లో ఆ తీర్పును పక్కన పెట్టింది. ఒకే పరిస్థితిలో ఉన్న తల్లికి ఒక నియమం, తండ్రికి ఇంకొక నియమం పెట్టడం కుదరదని చెప్పి కేసును మళ్లీ విచారణకు పంపింది. "మా దగ్గర ఎంతోమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు" అన్న సమాధానం మీకు ఎప్పుడైనా ఎదురైతే ఈ కేసును గుర్తు చేసుకోండి. పోలిక ఆడవారికీ ఆడవారికీ మధ్య కాదు, చిన్నపిల్లల తల్లికీ చిన్నపిల్లల తండ్రికీ మధ్య జరగాలి.

ఇది ఇంటర్వ్యూ గదిలో ఎలా జరుగుతుందో నా కళ్లతో చూసిన ఒక సందర్భం చెబుతాను. ఒక అకౌంట్స్ మేనేజరు ఉద్యోగం విషయంలో వచ్చిన ఫిర్యాదును పరిశీలించవలసి వచ్చింది. ప్యానెల్లో ముగ్గురు సభ్యులు, మార్కుల పత్రంలో ఆరు అంశాలు, ఒక్కో అంశానికి పది మార్కులు. ఫిర్యాదు చేసిన ఆమెకు ఇద్దరు సభ్యులు దాదాపు అన్ని గళ్లలోనూ ఎనిమిది, తొమ్మిది వేశారు. మూడో సభ్యుడి పత్రంలో "బాధ్యత తీసుకునే సంసిద్ధత" అన్న గడిలో మొదట 8 వేసి, అడ్డంగా గీత కొట్టి, పక్కన వేరే రంగు సిరాతో 4 వేసి ఉంది. ఆ గడికి ఎదురుగా మార్జిన్లో చిన్న అక్షరాలతో "ఇద్దరు పిల్లలు. నెలాఖరు?" అని రాసుకున్నారు. నెలాఖరున లెక్కలు ముగించే రోజుల్లో ఆలస్యంగా ఉండవలసి వస్తుందన్నది ఆయన సందేహం. తర్వాత ఎంపికైన అభ్యర్థి పత్రం తీశాను. ఆయనకూ ఇద్దరు పిల్లలే. అదే సభ్యుడు అదే మార్జిన్లో "కుటుంబం ఉంది, నిలకడగా ఉంటారు" అని రాశారు. మార్కులు 9.

నేను ఆ సభ్యుడితో గంటకు పైగా మాట్లాడాను. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. ఆమెపై ఆయనకు చిన్నచూపు కూడా లేదు. "ఆమె ఇబ్బంది పడతారేమోనని ఆలోచించాను" అన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. రెండు పత్రాలూ ఆయన ముందు పక్కపక్కన పెట్టాను. చాలాసేపు చూసి, "ఇలా రాశానని నాకు తెలియదు" అన్నారు. ఆ మాట నిజమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. నెలాఖరున ఆలస్యంగా ఉండగలరా అని ఆమెనూ అడగలేదు, ఎంపికైన అభ్యర్థినీ అడగలేదు. ఆమె విషయంలో లేదన్న ఊహతో, ఆయన విషయంలో ఉందన్న ఊహతో ఆ ఖాళీ నిండిపోయింది. ఆమెకు ఆ ఉద్యోగం దక్కలేదు. పరిశీలన ముగిసేసరికి ఆయన చేరి రెండు నెలలైంది. తర్వాత ఖాళీ ఏర్పడినప్పుడు ఆమెను మళ్లీ పిలిచారు గాని ఆమె రాలేదు. అందుకు ఆమెను తప్పుపట్టలేను.

ఆ సభ్యుడు ఒక్కడే అలా చేశాడనుకోవద్దు. షెల్లీ కొరెల్, స్టీఫెన్ బెనార్డ్, ఇన్ పైక్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అర్హతలన్నీ సమానంగా ఉన్న దరఖాస్తుల్లో కొన్నిటిలో మాత్రం అభ్యర్థికి పిల్లలున్నారని తెలిసేలా ఒక వివరం చేర్చారు. తల్లి అని తెలిసిన అభ్యర్థికి సామర్థ్యం, నిబద్ధత తక్కువని మార్కులు వేశారు, తక్కువ జీతం సూచించారు. తండ్రి అని తెలిసిన అభ్యర్థికి అలాంటి నష్టం కలగలేదు, కొన్ని కొలమానాల్లో మేలే జరిగింది. నిజమైన సంస్థలకు దరఖాస్తులు పంపి చూసినప్పుడు పిల్లలు లేని ఆడవారికి, తల్లులకు వచ్చినదానికి 2.1 రెట్లు పిలుపులు వచ్చాయి.

ఈ ఊహల వెనుక ఉన్న ఆలోచనను ఆర్థికవేత్తలు రెండు రకాలుగా విడదీశారు. గ్యారీ బెకర్ 1957లో రాసిన పుస్తకంలో, ఒక వర్గం వారితో కలిసి పనిచేయడం ఇష్టం లేక, తనకు నష్టం వచ్చినా సరే వారిని దూరం పెట్టే యజమాని గురించి చెప్పారు. ఎడ్మండ్ ఫెల్ప్స్, కెన్నెత్ యారో 1970లలో వర్ణించినది ఇంకొక రకం. ఇక్కడ అయిష్టం అవసరం లేదు. అభ్యర్థి గురించి తనకు పూర్తిగా తెలియనప్పుడు, ఆ వర్గం గురించి తనకున్న సగటు అభిప్రాయాన్ని యజమాని ఆ వ్యక్తికి అంటగడతాడు. నా అనుభవంలో మొదటి రకాన్ని పట్టుకోవడం తేలిక, ఎందుకంటే అలాంటివారు ఏదో ఒక చోట నోరు జారతారు. రెండో రకమే ఎక్కువగా జరుగుతుంది, ఎక్కువ మంచివాళ్ల చేతుల మీదుగా జరుగుతుంది. అయితే అభ్యర్థికి కలిగే నష్టం రెండింటిలోనూ ఒకటే. ఊహించడం మానేసి అడగవలసిన విషయాన్ని అందరినీ ఒకేలా అడిగితే రెండో రకంలో చాలా భాగం పోతుంది. అంత తేలికైన పనిని చేయకపోవడమే నాకు బాధ కలిగిస్తుంది.

ఇక "టీముకు సరిపోరు" అన్న మాట. నియామకాల్లో వాడే కారణాలన్నిటిలో నేను అతి తక్కువ నమ్మేది ఇదే. దాని వెనుక నిజమైన కారణం ఉండకూడదని అనను. ఒక్కోసారి అభ్యర్థి ఒంటరిగా పనిచేయడానికి అలవాటుపడ్డారు, ఉద్యోగమేమో పదిమందితో రోజూ మాట్లాడేది. అలాంటప్పుడు ఆ సంగతినే రాయవచ్చు. "సరిపోరు" అని మాత్రమే రాసినచోట, దేనికి సరిపోరు అని ప్యానెల్ను అడిగితే, సగం సార్లు సమాధానం ఉండదు. మిగతా సగం సార్లు తేలేదేమిటంటే, ఎంపికైన అభ్యర్థి చదివిన కాలేజీ, మాట్లాడే తీరు, ఆడే ఆట ప్యానెల్లో ఎవరో ఒకరితో కలిశాయి. మనలాంటి మనిషి ఎదురుగా కూర్చుంటే సంభాషణ సాఫీగా సాగుతుంది, సాఫీగా సాగిన సంభాషణను మనం సామర్థ్యంగా లెక్కవేసుకుంటాం. ఇందులో దురుద్దేశం ఉండదు. కాని ఇప్పటికే లోపల ఉన్నవారంతా ఒకే రకం వారైతే, తర్వాత వచ్చేవారూ అదే రకం వారవుతారు. రిఫరల్స్ మీదే, అంటే లోపల పనిచేసేవారు సూచించిన పేర్ల మీదే, ఎక్కువగా ఆధారపడే సంస్థల్లో ఇంటర్వ్యూ దాకా కూడా పోకుండానే ఇది జరిగిపోతుంది.

మీ విరామం గురించి విడిగా చెప్పాలి. ఎవరిపేరూ ఎత్తని, అందరికీ ఒకేలా వర్తించే నిబంధన కూడా వివక్ష కావచ్చు. దీన్ని పరోక్ష వివక్ష అంటారు. దీనికి పునాది వేసినది అమెరికా సుప్రీంకోర్టు 1971లోనే ఇచ్చిన గ్రిగ్స్ తీర్పు. నార్త్ కరోలినాలోని డ్యూక్ పవర్ సంస్థ, మంచి ఉద్యోగాలకు హైస్కూలు పాసై ఉండాలని 1955లో నిబంధన పెట్టింది. జాతి వివక్షను నిషేధించే చట్టం అమలులోకి వచ్చిన 1965 జులైలోనే, కొత్తగా చేరేవారు రెండు పరీక్షల్లో కూడా నెగ్గాలని దానికి జోడించింది. పైకి అది అందరికీ సమానమే. కాని తరాలుగా చదువుకు దూరంగా ఉంచిన నల్లజాతి కార్మికులే దానివల్ల ఎక్కువగా బయట ఉండిపోయారు. కోర్టు ముందుకు వచ్చిన ఆధారాల్లో నన్ను ఆకట్టుకున్నది ఒకటుంది. నిబంధన రాకముందు, హైస్కూలు పాసు కాకుండానే ఆ ఉద్యోగాల్లో చేరిన తెల్లవారు అప్పటికీ అక్కడే చక్కగా పనిచేస్తున్నారు, పదోన్నతులు కూడా పొందుతున్నారు. అంటే ఆ అర్హతకూ ఆ పనికీ సంబంధం లేదు. పనితో సంబంధం చూపలేని అర్హత, ఒక వర్గాన్ని ఎక్కువగా బయట ఉంచుతుంటే, ఉద్దేశం ఏదైనా అది చెల్లదని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

ఇలాంటి నిబంధన ఒకదాన్ని పెట్టినవారిలో నేనూ ఉన్నాను. చాలా ఏళ్ల కిందట మాకు దరఖాస్తులు విపరీతంగా వచ్చేవి. ఆరు నెలలకు మించిన విరామం ఉన్నవాటిని మొదటి వడపోతలోనే పక్కన పెట్టాలని నిర్ణయించాం. ఆ సమావేశంలో ఎవరూ ఆడవాళ్ల మాట ఎత్తలేదు, ఎవరి మనసులోనూ ఆ ఉద్దేశం లేదు. ఏడాది తర్వాత వేరే పని మీద ఆ పక్కన పెట్టిన దరఖాస్తుల కట్ట విప్పవలసి వచ్చింది. ఒక్కొక్కటే తీస్తుంటే మొదటి పేజీల్లో ఆడవారి పేర్లే వస్తున్నాయి. మధ్యమధ్య జబ్బుపడి కోలుకున్నవారు, తల్లిదండ్రులను చూసుకోవడానికి ఉద్యోగం మానినవారు. ఆరు నెలల విరామం వచ్చిన మనిషి పనితనం ఏ విధంగా తగ్గుతుందని తర్వాత నన్ను నేను ప్రశ్నించుకుంటే జవాబు దొరకలేదు. నిబంధన తీసేశాం. అప్పటికే వెళ్లిపోయిన ఆ దరఖాస్తుదారులకు మేం చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ కట్ట ఇప్పటికీ గుర్తుకు వస్తుంది.

అమెరికాలో అధికారులు ఇలాంటి నిబంధనలను గుర్తించడానికి 1978లో ఒక మోటు కొలత పెట్టుకున్నారు. ఒక వర్గం ఎంపిక శాతం, అందరికన్నా ఎక్కువగా ఎంపికైన వర్గం శాతంలో అయిదింట నాలుగు వంతులకన్నా తగ్గితే కారణం వెతకాలి. ఉదాహరణకు 100 మంది మగవారిలో 40 మందిని, 60 మంది ఆడవారిలో 12 మందిని ఇంటర్వ్యూకు పిలిచారనుకుందాం. ఒకటి 40 శాతం, ఇంకొకటి 20 శాతం. సగమే వచ్చింది కాబట్టి వడపోతను తిరిగి చూడవలసిందే. ఇది నేరం రుజువైనట్టు కాదు, తలుపు తట్టి చూడమని చెప్పే గుర్తు మాత్రమే.

ఇప్పుడు ఆ వడపోతను చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ చేస్తోంది కాబట్టి పక్షపాతం పోయిందని కొందరు చెబుతుంటారు. పాత నియామకాలను చూపించి నేర్పిన సాఫ్ట్‌వేర్ పాత అలవాటునే నేర్చుకుంటుంది. అమెజాన్ సంస్థ ప్రయోగాత్మకంగా తయారు చేసుకున్న ఒక సాధనం, రెజ్యూమెలో "మహిళల" అన్న మాట, ఉదాహరణకు మహిళల చదరంగం క్లబ్బు అని ఉంటే, మార్కులు తగ్గించిందని 2018లో రాయిటర్స్ వార్తా సంస్థ వెల్లడించింది. దానికి నేర్పడానికి వాడిన పదేళ్ల రెజ్యూమెల్లో ఎక్కువ భాగం మగవారివి. సంస్థ ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది.

ఇంత జరుగుతున్నా ఒక్కో అభ్యర్థికీ తెలియకపోవడానికి కారణం, ఎవరికి వారు తమ దరఖాస్తును మాత్రమే చూడగలగడం. అందుకే పరిశోధకులు ఒకే అర్హతలున్న దరఖాస్తులను పేర్లు మాత్రం మార్చి పంపి చూస్తారు. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ బోస్టన్, చికాగో నగరాల్లో దాదాపు 5,000 రెజ్యూమెలు పంపి 2004లో ఫలితాలు ప్రచురించారు. తెల్లవారికి ఉండే పేరుతో పది రెజ్యూమెలు పంపితే ఒక పిలుపు వచ్చింది, నల్లవారికి ఉండే పేరుతో ఒక పిలుపు రావడానికి పదిహేను పంపవలసి వచ్చింది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ భారతదేశంలో ప్రైవేటు సంస్థల ప్రకటనలకు ఇలాగే దరఖాస్తులు పంపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అర్హతలు సమానమైనా దళితులవిగా, ముస్లింలవిగా గుర్తుపట్టగల పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చాయి. ఆ పదకొండో, పన్నెండో రెజ్యూమె పంపిన మనిషి తన రెజ్యూమెలోనే ఏదో తప్పుందని రాత్రంతా దిద్దుకుంటూ కూర్చుని ఉంటాడు. మీ ప్రశ్న చదివినప్పుడు నాకు ముందుగా ఆ మనిషే గుర్తొచ్చాడు.

రెండో వైపు కూడా చెప్పకపోతే నా సమాధానం న్యాయంగా ఉండదు. ప్రతి తిరస్కారమూ వివక్ష కాదు. యాభై దాటిన ఒకాయన, వయసు వల్లే తనను తీసుకోలేదని ఫిర్యాదు చేశారు. ఆయనకు పంపిన మెయిలులో "మరింత చురుకైన వ్యక్తి కోసం చూస్తున్నాం" అని ఉంది. ఆ మాట చదివితే నాకైనా అదే అనుమానం వచ్చేది. రికార్డులు తీస్తే, ఎంపికైన వ్యక్తి ఆయనకన్నా రెండేళ్లే చిన్న. అసలు తేడా ప్రాక్టికల్ పరీక్షలో వచ్చింది. ఆయన సమర్పించిన ఫైలులో ఒకే ఖాతాదారుడి వివరాలు రెండేసి సార్లు లెక్కలోకి వచ్చి మొత్తాలు తప్పాయి. ఆ సంగతిని మర్యాదగా చెప్పడం చేతకాక, ఎవరో ఆ వాక్యం రాసి పంపారు. నాలుగు నెలలు ఆయన తన వయసును నిందించుకుంటూ గడిపారు, దిద్దుకోగలిగిన తప్పును మాత్రం దిద్దుకోలేకపోయారు. మొహమాటంతో రాసిన అబద్ధపు కారణం కూడా మనిషికి నష్టమే చేస్తుంది.

అలాగే పనికి స్వతహాగా అవసరమైన అర్హతను కోరడం వివక్ష కాదని నేను పైన చెప్పిన ఒడంబడికే అంటోంది. అనువాదకుడికి ఆ భాష రావాలనడం న్యాయమే. ఆ భాషను ఫలానా యాసలోనే మాట్లాడాలని పట్టుబడితే మాత్రం, ఆ పట్టుదలకు పనితో సంబంధమేమిటో చెప్పవలసిన బాధ్యత సంస్థదే.

ఇక మీ విషయంలో ఏం చేయవచ్చో చూద్దాం. అమెరికా సుప్రీంకోర్టు 1973లో మెక్‌డొనెల్ డగ్లస్ కేసులో ఒక వరస సూచించింది. కోర్టుకు వెళ్లే ఉద్దేశం లేకపోయినా ఆలోచించడానికి అది బాగా ఉపయోగపడుతుంది. అభ్యర్థి వివక్ష నుంచి చట్టం రక్షించే వర్గానికి చెందినవారా, అర్హత ఉందా, దరఖాస్తు చేసినా తిరస్కరించారా, ఆ తర్వాత కూడా అదే అర్హతలున్నవారి కోసం వెతుకుతూనే ఉన్నారా? ఇవన్నీ అవునైతే కారణం చెప్పవలసింది యజమాని. చెప్పిన కారణం నిజమైనదా, సాకా అన్నది ఆ తర్వాత పరిశీలించాలి. కాబట్టి ముందుగా చూడవలసింది, ఆ ఉద్యోగ ప్రకటన మళ్లీ కనిపిస్తోందా అన్నది. ప్రకటనలు తొందరగా మాయమవుతాయి కాబట్టి, మీరు దరఖాస్తు చేసినప్పటి ప్రకటన ప్రతిని, వచ్చిన మెయిళ్లను ఇవాళే భద్రపరచుకోండి. కొన్ని వారాలకు ఆ ఉద్యోగంలో ఎవరు చేరారో లింక్డ్ఇన్ వంటి చోట తెలియవచ్చు. వారి అర్హతలను ప్రకటనలో అడిగినవాటితో పోల్చండి, మీకు నచ్చినవాటితో కాదు.

ఇంటర్వ్యూలో జరిగినదంతా గుర్తున్నంత వరకు ఈ రాత్రే రాసుకోండి. ఎవరు అడిగారు, ఏ మాటలతో అడిగారు, దానికి ముందు ఏ ప్రశ్న వచ్చింది, మీరు జవాబు చెప్పాక మిగతా సభ్యులు ఏమన్నారు అన్నవి వీలైనంత యథాతథంగా రాయండి. మీ అభిప్రాయాలు వేరే కాగితం మీద రాయండి. ఫిర్యాదులు పరిశీలించేటప్పుడు నేను ఎక్కువగా నమ్మేది అదే రోజు, ఆవేశం లేకుండా రాసుకున్న నోట్సునే. రహస్యంగా రికార్డు చేయడం మాత్రం కొన్నిచోట్ల చట్టవిరుద్ధం, ఆ జోలికి పోకండి.

తర్వాత సంస్థకు చిన్న మెయిలు రాయండి. ఆరోపణ చేయవద్దు. "ప్రకటనలో పేర్కొన్న అర్హతల్లో నేను ఏయే అంశాల్లో వెనుకబడ్డానో తెలియజేస్తే ముందు ప్రయత్నాలకు ఉపయోగపడుతుంది" అని అడగండి. చాలాసార్లు జవాబు రాదు, దాన్నిబట్టి ఏదీ తేల్చుకోకండి. వస్తే మాత్రం జాగ్రత్తగా చదవండి. మొదట "టీముకు సరిపోరు" అన్నవారు ఇప్పుడు "అనుభవం చాలలేదు" అని, ఇంకొకరు ఫోనులో "ఆ పోస్టే రద్దయింది" అని అంటే, ఆ మారుతున్న కారణాలే మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం. నిజమైన కారణం సాధారణంగా ఒకే మాట మీద నిలుస్తుంది.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కాబట్టి చట్టం గురించి ఇంతకన్నా నిర్దిష్టంగా చెప్పడం సరికాదు. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను, ఫిర్యాదులకు గడువు ఉంటుంది, అది మనం అనుకునేదానికన్నా చిన్నది. అమెరికాలో సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి 180 రోజులు, రాష్ట్రంలోనూ అలాంటి చట్టం, దాన్ని అమలు చేసే సంస్థ ఉన్నచోట సాధారణంగా 300 రోజులు. సంస్థ నుంచి జవాబు కోసం ఎదురుచూస్తూ ఆ గడువును పోగొట్టుకున్నవారిని నేను చూశాను. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది పూర్తిగా మీ నిర్ణయం. చేయనంత మాత్రాన మీరు భయపడ్డట్టు కాదు. ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషికి అదే పెద్ద పని.

చివరగా, ఆ ప్రశ్న మళ్లీ ఎదురైతే ఏమనాలన్నది. పిల్లల సంగతి వివరంగా చెప్పుకోవడం మొదలుపెడితే ప్యానెల్ ఊహలకు ఇంకా మేత దొరుకుతుంది. అలాగని "ఇది అడగకూడని ప్రశ్న" అని అక్కడే అంటే, మీ మాట నిజమే అయినా, మిగతా ఇంటర్వ్యూ అంతా దాని చుట్టూ తిరుగుతుంది. నేను ప్యానెల్లో ఉండగా ఒక అభ్యర్థి ఇచ్చిన జవాబు మీకు పనికొస్తుందనుకుంటాను. ఆమె తొణకకుండా, "ఈ ఉద్యోగంలో పనివేళలు, ప్రయాణాలు ఎలా ఉంటాయో చెప్పండి, వాటికి నేను కట్టుబడి ఉండగలనో లేదో ఇప్పుడే చెబుతాను" అన్నారు. ప్రశ్న అడిగిన సభ్యుడు ఒక క్షణం ఆగి, ముందున్న కాగితాలు తిరగేసి, నెలకు రెండు రోజులు ప్రయాణం ఉంటుందని చెప్పారు. ఆమె ఉండగలనన్నారు. ఆ తర్వాత లోపలికి వచ్చిన ముగ్గురు మగ అభ్యర్థులనూ ఆ రెండు రోజుల ప్రయాణం గురించి నేనే అడిగాను. వారిలో ఒకరు కుదరదన్నారు.